బెల్జియంలో బ్రూజ్ అయిపోయాక ఎక్కడికి? లీర్, ఈపర్, దమ్మె, ఔదెనార్దెల్లో మీకు నప్పేది ఏది

"బ్రూజ్ చూసేశాం, గెంట్ కూడా అయిపోయింది. అమ్మావాళ్లు ఇంకో మూడు వారాలుంటారు. ఈ ఆదివారం ఎక్కడికి తీసుకెళ్లాలో చెప్పు బాబూ!" మే నెల వచ్చిందంటే ఇలాంటి మెసేజ్ వారానికొకటైనా వస్తుంది నాకు. బ్రస్సెల్స్ వాళ్లే కాదు, సరిహద్దు అవతల నెదర్లాండ్స్‌లోని ఐంధోవెన్ నుంచీ జర్మనీలోని ఆహెన్ నుంచీ కూడా అడుగుతారు. విజిటర్ వీసా మీద వచ్చిన అమ్మానాన్నలు, స్ట్రోలర్‌లో ఒక పిల్ల, చేతిలో పులిహోర డబ్బా, ఒక్క రోజు టైమ్. అందరి లెక్కా దాదాపు ఇదే.

బెల్జియం ఉత్తరాన డచ్ మాట్లాడే ఫ్లాండర్స్‌లో చిన్న పాత ఊళ్లకు కొదవ లేదు. అసలు చిక్కు ఏంటంటే, ఫొటోల్లో అన్నీ ఒకేలా ఉంటాయి. మధ్యలో రాళ్లు పరిచిన చౌరస్తా, ఒక పక్క టౌన్‌హాల్, దాని మీద గంటల గోపురం, చుట్టూ కెఫేలు. అందుకే అందం చూసి ఎంచుకోవద్దంటాను. నేను చూసేది వేళ. ఈ ఊళ్లలో ప్రతిదానికీ ఒక వేళ ఉంది. ఆ వేళకు అక్కడ ఉంటే ఊరు నోరు విప్పుతుంది. గంట అటో ఇటో అయితే మూసేసిన తలుపులు, పావురాలు మాత్రమే మిగులుతాయి.

ఒక చిన్న మాట ముందే చెప్పాలి. చరిత్ర పట్టింపు ఉన్నవాళ్లు లీర్‌ని "ఫ్లెమిష్", అంటే ఫ్లాండర్స్‌ది, అంటే ఒప్పుకోరు. అది ఒకప్పుడు వేరే డ్యూక్ ఏలిన బ్రబాంట్‌లోది. ఇవాళ్టి ఫ్లాండర్స్ ప్రాంతంలో ఉంది కాబట్టి నేను కలిపేస్తున్నాను.

ఎంచుకునే ముందు చూసుకోవాల్సినవి

మొదటిది ఆఖరి మైలు. బెల్జియంలో రైలు ఎక్కడం కష్టం కాదు, దిగాక స్టేషన్ నుంచి ఊరి మధ్యకు వెళ్లడంలోనే మోకాళ్ల నొప్పి బయటపడుతుంది. పైగా కింద ఉండేది సాఫీ పేవ్‌మెంట్ కాదు, ఉబ్బెత్తు రాళ్లు. వాటి మీద స్ట్రోలర్ తోస్తే చిన్న చక్రాలు రాళ్ల సందుల్లో ఇరుక్కుంటాయి, పిల్ల లేచి కూర్చుంటుంది. పెద్ద చక్రాలది తెచ్చుకోండి, లేదా పిల్లను ఎత్తుకోండి.

రెండోది వాన. ఇక్కడ వాన పడుతుందా అని ఎవరూ అడగరు, ఎప్పుడు పడుతుంది అనే. రెండు గంటలు తలదాచుకోవడానికి ఆ ఊళ్లో చూడదగ్గ లోపలి చోటు ఏదైనా ఉందా? ఉంటే సరే. లేకపోతే కెఫేలో ఒక్కో కాఫీకి గంటసేపు కూర్చోవాలి.

మూడోది మీతో వచ్చేవాళ్లు. గుళ్లూ గోపురాలూ ఇష్టపడే అమ్మ, చరిత్ర పుస్తకాలు చదివే నాన్న, సైకిల్ తప్ప ఇంకేం మాట్లాడని కొలీగ్, ముగ్గురికీ ఒకే ఊరు చెప్పలేం.

నాలుగోది వారంలో ఏ రోజు అన్నది. సోమవారం చాలా మ్యూజియంలు మూత. ఇది నేను సొంత అనుభవంతో చెబుతున్నాను: కొత్తలో సెలవు పెట్టి మరీ సోమవారం బయల్దేరి, ఊరంతా తాళాలు చూసి, సూపర్‌మార్కెట్లో బ్రెడ్డు కొనుక్కుని తిరిగొచ్చాను.

ఇక వేళ సంగతి ఇందాకే చెప్పాను. పట్టికలో దానికి వేరే గడి పెట్టాను.

| | లీర్ | ఈపర్ | దమ్మె | ఔదెనార్దె |
|---|---|---|---|---|
| ఎలా చేరాలి | ఆంట్‌వర్ప్ నుంచి రైల్లో పావుగంట, ఇరవై నిమిషాలు | బ్రస్సెల్స్ నుంచి దాదాపు రెండు గంటలు | స్టేషన్ లేదు. బ్రూజ్ నుంచి సైకిల్, పడవ లేదా బస్సు | గెంట్ నుంచి రైల్లో అరగంట అటూఇటూ |
| దిగాక నడక | కొద్దిపాటి, చదునుగా | కొద్దిపాటి, చదునుగా | ఊరే నాలుగు వీధులు | కొద్దిపాటి, చదునుగా |
| వానొస్తే | గోపురం మ్యూజియం, చర్చి | పెద్ద మ్యూజియం, సగం రోజు గడిచిపోతుంది | కష్టం | టౌన్‌హాల్ మ్యూజియం, సైకిల్ మ్యూజియం |
| ఊరి వేళ | మధ్యాహ్నం 12 | రాత్రి 8 | పొద్దున్నే | సాయంత్రం, సైకిళ్లు తిరిగొచ్చే వేళ |
| ఎంతసేపు చాలు | నాలుగైదు గంటలు | ఒక పూర్తి రోజు, వీలైతే రాత్రి బస | రెండు మూడు గంటలు | సగం రోజు |
| పెద్దవాళ్లతో | చాలా బాగుంటుంది | బాగుంటుంది, మనసు బరువెక్కుతుంది | పడవలో అయితే బాగుంటుంది | ఫరవాలేదు |

లీర్: పంచాంగం చూసే ఇంటివాళ్లకు

మెసేజ్ పెట్టినవాళ్లలో పదిమందికి ఏడుగురిని నేను లీర్‌కే పంపిస్తాను. నేను మొదట వెళ్లింది మాత్రం వేరే ఊరికి వెళ్లబోయే రైలు తప్పిపోయి, చేసేదేం లేక.

ఊరి పాత గోడలో మిగిలిన ఒక బురుజు ఉంది. దాన్ని ఇప్పుడు జిమ్మర్ గోపురం అంటారు. లూయీ జిమ్మర్ అనే గడియారాల మేస్త్రీ ఈ ఊరివాడు. బెల్జియం దేశానికి వందేళ్లు నిండిన 1930లో ఒక పెద్ద ఖగోళ గడియారం చేసి ఊరికి ఇచ్చేశాడు. బురుజు ముఖం మీద మధ్యలో మామూలు టైమ్ చూపే డయల్, దాని చుట్టూ 12 చిన్న డయళ్లు. పర్యాటకులు అక్కడ నిలబడి ఒక ఫొటో దిగి వెళ్లిపోతారు. మా నాన్న అలా వెళ్లలేదు.

నాన్న రిటైర్డ్ లెక్కల మాస్టారు, ఉగాదికి కొత్త పంచాంగం కొని ఏడాదంతా నలిపేసే మనిషి. తల వెనక్కి వంచి ఒక్కో డయలూ చూస్తూ వెళ్లాడు. ఒకదాని మీద రాశులు బొమ్మలుగా ఉన్నాయి, అది నేను చెప్పకుండానే పట్టేశాడు. ఇంకొకటి చంద్రుడి వయసు చూపించేది, అమావాస్య నుంచి ఎన్ని రోజులైందో ముల్లు చెబుతుంది. "పద్నాలుగు దాటింది చూడు. అంటే ఇవాళో రేపో పౌర్ణమి" అన్నాడు. ఫోన్‌లో చూస్తే నిజమే. ఆ తర్వాత 19 ఏళ్ల చక్రం చూపే డయల్ దొరికింది. సూర్యుడి లెక్కా చంద్రుడి లెక్కా మళ్లీ దగ్గర దగ్గరగా కలవడానికి 19 ఏళ్లు పడుతుంది, అందుకే ఆ 19 ఏళ్లలో మనకు ఏడు అధిక మాసాలు వస్తాయి. ఆ సంగతి బురుజు కింద నిలబడి నాన్న నాకు వివరించాడు. ఇంత వయసొచ్చాక అధిక మాసం ఎందుకొస్తుందో బెల్జియంలో తెలుసుకున్నాను!

పక్కన మ్యూజియంలో జిమ్మర్ చేసిన ఇంకో గడియారం ఉంది. పేరే "అద్భుత గడియారం". 1935లో బ్రస్సెల్స్ ప్రపంచ ప్రదర్శనలో పెట్టారు, తర్వాత 1939 ప్రదర్శన కోసం న్యూయార్క్ దాకా వెళ్లొచ్చింది. అందులో 93 డయళ్లు. వాటిలో ఒక ముల్లు ఒక్క చుట్టు తిరగడానికి 25,000 ఏళ్లకు పైనే పడుతుంది. భూమి ఇరుసు బొంగరంలా మెల్లగా ఊగే కాలం అది. మన జ్యోతిష్కులు అయనాంశ అని లెక్కలోంచి తీసేసేది ఈ ఊగడం వల్ల వచ్చే తేడానే. ఆ ముల్లు కదులుతోందా అని నాన్న అద్దానికి ముక్కు ఆనించి చూశాడు.

పన్నెండింటికి బురుజు పక్కన బొమ్మలు వరుసగా కదులుతూ బయటికి వస్తాయి. అందుకే లీర్ వేళ మధ్యాహ్నం అంటున్నాను. పదిన్నరకు దిగి, ముందు చర్చి చూసి, పదినిమిషాల ముందే బురుజు కింద చోటు పట్టుకోండి.

ఆ చర్చి సెయింట్ గుమ్మారుస్‌ది. 1496 అక్టోబర్ 20న ఇక్కడే, అప్పట్లో ఈ ప్రాంతాన్ని ఏలిన 18 ఏళ్ల ఫిలిప్ డ్యూక్‌కీ స్పెయిన్ నుంచి ఓడలో వచ్చిన 16 ఏళ్ల రాకుమారి హువానాకీ పెళ్లయింది. ఒకరినొకరు చూసుకున్న మరుక్షణమే ముహూర్తం దాకా ఆగలేక అందుబాటులో ఉన్న పూజారిని పిలిపించారని కథ. వాళ్ల కొడుకే తర్వాత సగం యూరప్‌ను ఏలిన అయిదో చార్లెస్ చక్రవర్తి. ఈ కుటుంబాన్ని గుర్తుపెట్టుకోండి, మిగతా ఊళ్లలోనూ తగులుతుంది.

చర్చి నుంచి కాలువ దాటి కాస్త నడిస్తే బెగైన్ల పేట. 13వ శతాబ్దం నుంచి ఉంది, ఇప్పుడు కనిపించే ఇళ్లు ఎక్కువ 17వ శతాబ్దపువి. బెగైన్లు అంటే మఠంలో చేరకుండా, జీవితాంతం కట్టుబడే ప్రమాణం చేయకుండా, భక్తితో కలిసి బతికిన ఆడవాళ్లు. సొంత ఆస్తి ఉంచుకోవచ్చు, కావాలంటే వదిలి వెళ్లి పెళ్లి చేసుకోవచ్చు. ఆ కాలానికి అది చిన్న విషయం కాదు. ఫ్లాండర్స్‌లోని ఇలాంటి 13 పేటల్ని 1998లో యునెస్కో ప్రపంచ వారసత్వ జాబితాలో చేర్చింది, లీర్‌ది వాటిలో ఒకటి. మా అమ్మకు గడియారం కన్నా ఇదే నచ్చింది. "ఇంత శుభ్రంగా, ఇంత గమ్మున ఉందేంటే" అంటూ గుమ్మాల మీది పేర్లు చూసుకుంటూ నడిచింది. ఇళ్లలో ఇప్పటికీ మనుషులుంటారు. కిటికీల్లోకి తొంగి చూడొద్దు, అక్కడ డబ్బాలు విప్పి కూర్చోవద్దు.

తినడానికి "లీర్సె వ్లాయ్‌కెస్" అడగండి. అరచేతిలో పట్టే చిన్న టార్ట్, లోపల రొట్టెపొడి, పాలు, పాకం, దాల్చినచెక్క లాంటి దినుసులు. తీపి గాఢంగా ఉంటుంది, ఒక్కరికి ఒకటి చాలు.

ఈ ఊరివాళ్లను చుట్టుపక్కలవాళ్లు "గొర్రె తలలు" అంటారు. యూనివర్సిటీ కావాలా గొర్రెల సంత కావాలా అని డ్యూక్ అడిగితే వీళ్లు సంత కోరుకున్నారట, యూనివర్సిటీ లూవెన్‌కు పోయిందట. కట్టుకథే అనుకోండి. లూవెన్‌లో చదివే మా కజిన్ మాత్రం దీన్ని ప్రతిసారీ చెబుతాడు.

లోటు ఏంటంటే, లీర్‌లో "వావ్" అనిపించే ఒక్క పెద్ద కట్టడం లేదు. బ్రూజ్ చూసిన కళ్లతో వస్తే చౌరస్తా మామూలుగానే అనిపిస్తుంది. శనివారం పొద్దున చౌరస్తాలో సంత ఉంటుంది. కూరగాయలు కొనేవాళ్లకు పండగ, స్ట్రోలర్ తోసేవాళ్లకు కాదు.

ఈపర్: రాత్రి ఎనిమిదికి

పగటిపూట ఈపర్ చౌరస్తాలోని వస్త్రశాలను (ఒకప్పుడు బట్టల వ్యాపారం సాగిన పెద్ద భవనం) చూస్తే కళ్లు తిరుగుతాయి. 13వ శతాబ్దంలో ఇంగ్లండ్ ఉన్నితో నేసిన బట్టలు అమ్మి సంపాదించిన డబ్బుతో కట్టారు, 1304కి పూర్తయింది. కానీ మీరు చూస్తున్నది అది కాదు. మొదటి ప్రపంచ యుద్ధంలో ఊరు నేలమట్టమైంది. శిథిలాల్ని అలాగే స్మారకంగా వదిలేయాలని చర్చిల్ అన్నాడు, ఊరివాళ్లు ఒప్పుకోలేదు. పాత కొలతలు పట్టుకుని రాయి రాయి పేర్చి మళ్లీ కట్టుకున్నారు. వస్త్రశాల పని 1967 దాకా సాగింది. "అయితే ఇది నకిలీనా?" అని మా ఆవిడ అడిగింది. నాకు అలా అనిపించదు. పాతదనమే ముఖ్యమనుకునేవాళ్లు మాత్రం ఈ సంగతి తెలిసే వెళ్లండి.

వస్త్రశాలలోనే యుద్ధపు మ్యూజియం ఉంది. హడావిడిగా చూసినా రెండు గంటలు. 1915 ఏప్రిల్ 22న జర్మన్లు క్లోరిన్ వాయువును పెద్ద ఎత్తున వదిలింది ఈ ఊరి శివార్లలోనే. నాలుగు రోజుల తర్వాత ఎదురుదాడికి పంపినవాళ్లలో బ్రిటిష్ ఇండియా సైన్యంలోని మన లాహోర్ డివిజన్ సిపాయిలూ ఉన్నారు. అంతకు ముందే, 1914 అక్టోబర్ 31న, ఇక్కడికి దగ్గరలోని హొల్లెబెకె వద్ద పోరాడిన ఖుదాదాద్ ఖాన్‌కు బ్రిటన్ అత్యున్నత సాహస పతకం విక్టోరియా క్రాస్ వచ్చింది. ఆ పతకం అందుకున్న మొదటి భారతీయ సిపాయి ఆయన.

మెనిన్ గేట్ అని ఊరి తూర్పు దారిలో పెద్ద కమాను ఉంది, 1927లో ప్రారంభమైంది. శవం కూడా దొరకని 54,000 మందికి పైగా బ్రిటిష్ సామ్రాజ్య సైనికుల పేర్లు దాని గోడల నిండా చెక్కి ఉన్నాయి. అంత గోడ కూడా చాలలేదు. 1917 ఆగస్టు 15 తర్వాత జాడ తెలియకుండా పోయిన బ్రిటిష్ సైనికుల పేర్లు కొన్ని మైళ్ల దూరంలోని టైన్ కాట్ శ్మశానవాటిక గోడకెక్కాయి.

రోజూ రాత్రి ఎనిమిదికి ఆ కమాను కింద బ్యూగిల్ ఊదుతారు. చనిపోయిన సైనికులకు వందనంగా ఊదే దాన్ని లాస్ట్ పోస్ట్ అంటారు. 1928లో మొదలైంది. 1929 నుంచి, రెండో యుద్ధంలో జర్మన్లు ఊరు పట్టుకున్న నాలుగేళ్లు తప్ప ఇక్కడ ఆగలేదు. కాస్త ముందు పోలీసులు రోడ్డు ఆపేస్తారు. అప్పటిదాకా కార్లు పోయిన దారిలో ఒక్కసారి నిశ్శబ్దం. యూనిఫాంలో ఉన్నవాళ్లు నడిరోడ్డు మీదికి వచ్చి నిలబడి ఊదుతారు, మొత్తం పావుగంట లోపే. ఎవరూ చప్పట్లు కొట్టరు. మన పిల్లలు కొట్టబోతారు, ముందే చెప్పి ఉంచండి.

మేం ఏడింటికే వెళ్లాం. భారతీయ రెజిమెంట్ల పలకల ముందు నాన్న ఆగిపోయాడు. పేర్ల పక్కన హోదాలు ఉన్నాయి, ఇంగ్లిష్ అక్షరాల్లో: సుబేదార్, జమేదార్, హవల్దార్, నాయక్, సిపాయి. మన ఊళ్లలో పోలీస్ స్టేషన్ ముందు వినిపించే మాటలు ఈ చలిదేశపు రాతి మీద. నాన్న ఒక్కో హోదా పైకి చదివాడు, పేర్లు మాత్రం లోపల చదువుకున్నాడు. గేటు పక్కన మెట్లెక్కితే పాత కోటగోడ మీద పచ్చిక ఉంది, అక్కడ భారత సైనికుల స్మారకం వేరుగా కట్టారు. చీకటి పడకముందే అది చూసి దిగండి.

ఇప్పుడు కష్టం. ఎనిమిదింబావుకు కార్యక్రమం అయ్యాక బ్రస్సెల్స్ వైపు వెళ్లాలంటే కోర్ట్రైక్ లాంటి చోట రైలు మారాలి, చివరి బండ్లు పలుచగా ఉంటాయి. యాప్‌లో తిరుగు ప్రయాణం ముందే చూసుకోండి. లేదా ఒక రాత్రి ఉండిపోండి. నా ఓటు ఉండిపోవడానికే, అదీ శుక్రవారం రాత్రి. శనివారం పొద్దున లేచేసరికి అదే చౌరస్తాలో సంత, చీజ్ వాసన, పూల బండ్లు. రాత్రి బరువంతా కాస్త దిగుతుంది.

చిన్నపిల్లలు ఉన్నవాళ్లకు మ్యూజియం నేను చెప్పను. పిల్లల కోసమే వెళ్లాలంటే, మూడేళ్లకోసారి మేలో వచ్చే పిల్లుల ఊరేగింపుకు వెళ్లండి. 2024లో జరిగింది. ఒకప్పుడు వస్త్రశాల గోపురం మీంచి నిజం పిల్లుల్ని కిందికి విసిరేవాళ్లు, 1817తో ఆగింది. ఇప్పుడు విసిరేది బొమ్మ పిల్లుల్ని.

దమ్మె: గాలి ఎటు వీస్తుందో చూసుకుని

బ్రూజ్‌కు ఏడు కిలోమీటర్ల లోపే. ఒకప్పుడు బ్రూజ్‌కు రేవు ఇదే, సముద్రం నుంచి వచ్చే పాయలో ఓడలు ఇక్కడిదాకా వచ్చేవి. పాయ మేట వేసింది, ఓడలు ఆగాయి, ఊరు పెరగడం మానేసింది. ఇవాళ్టి అందం ఆ ఆగిపోవడంలోంచి వచ్చిందే. 1468 జూలై 3న ఈ ప్రాంతాన్ని ఏలిన బర్గండీ డ్యూక్ ధీర చార్లెస్ ఇంగ్లండ్ రాజు చెల్లెలు మార్గరెట్‌ను తెల్లవారుజామున ఇక్కడ పెళ్లాడి, ఊరేగింపుతో బ్రూజ్‌కు వెళ్లాడు. లీర్‌లో పెళ్లి చేసుకున్న ఫిలిప్‌కు ఈయన తాత, అమ్మకు నాన్న.

ఊళ్లో ఉన్నవి ఒక టౌన్‌హాల్, దాని ముందు డచ్ భాషా కవి యాకబ్ వాన్ మార్లాంట్ విగ్రహం, సగం కూలిన చర్చి, ఒక గాలిమర, కొన్ని పాతపుస్తకాల షాపులు. గంటన్నరలో అయిపోతుంది. మరి ఎందుకు వెళ్లడం? దారి కోసం. నెపోలియన్ తవ్వించిన తిన్నని కాలువ, రెండు గట్లనా ఎత్తయిన పాప్లర్ చెట్లు. పొద్దున ఎనిమిదింటికి సైకిల్ మీద వెళితే కాలువలో చెట్ల నీడ కదలకుండా ఉంటుంది, ఎదురుగా ఒక్కడైనా కనిపించడు. పదకొండయ్యేసరికి టూరిస్టుల సైకిళ్లు, గంటల మోత.

ఆ చెట్లను సరిగ్గా చూడండి, చాలావరకు ఒకే వైపు వాలి ఉంటాయి. ఇక్కడ గాలి ఎక్కువగా నైరుతి నుంచి. దమ్మె బ్రూజ్‌కు ఈశాన్యాన ఉంది. అంటే వెళ్లేటప్పుడు గాలి వీపు తట్టి పంపిస్తుంది, "అబ్బ, ఎంత తేలికో" అనుకుంటారు. తిరిగొచ్చేటప్పుడు అదే గాలి ఎదురు. మా బావమరిది సగం దారిలో సైకిల్ గడ్డిలో పడేసి కూర్చున్నాడు, లేపడానికి ఒక వాఫుల్ ఆశ పెట్టాల్సొచ్చింది. పెద్దవాళ్లకు పడవ ఉంది, వేసవి నెలల్లో బ్రూజ్ నుంచి తిరుగుతుంది, అరగంట పైన పడుతుంది. నడపాల్సిన పని లేదు, కూర్చుని చెట్లు చూడొచ్చు.

వానొస్తే మాత్రం ఈ ఊరు మానేయండి.

ఔదెనార్దె: సైకిల్ పిచ్చి ఉన్నవాళ్లకు, లేనివాళ్లకు

ఉన్నవాళ్లకు చెప్పక్కర్లేదు. టూర్ ఆఫ్ ఫ్లాండర్స్ రేసు 2012 నుంచి ఇక్కడే ముగుస్తుంది, ఊళ్లో దానికో మ్యూజియం, దగ్గర్లోనే కొప్పెన్‌బెర్గ్ గుట్ట. రాళ్ల దారి, ఒకచోట 22 శాతం ఏటవాలు. అక్కడ ప్రొఫెషనల్ రేసర్లే ఒక్కోసారి దిగి సైకిల్ భుజాన వేసుకుని నడుస్తారు. ఏప్రిల్ మొదట్లో రేసు ఆదివారం నాడు అయితే రేసు కోసమే వెళ్లండి, ఊరు చూడటానికి కాదు. రోడ్లన్నీ మూసేస్తారు.

లేనివాళ్లకు టౌన్‌హాల్ ఉంది. 1526 నుంచి 1536 దాకా కట్టారు. ఈ వ్యాసంలోని నాలుగు ఊళ్లలో ఒక్క కట్టడాన్ని ఎంచమంటే నేను దీన్నే ఎంచుతాను. లేసు అల్లినట్టు రాయి, కొసన బంగారు పూత పూసిన జెండా పట్టిన బొమ్మ. కాపలా ఉండాల్సిన అతను నిద్రపోయాడనీ, అయిదో చార్లెస్ వచ్చింది చూడలేదనీ, దాంతో చక్రవర్తి ఒళ్లు మండి ఊరి చిహ్నంలో కళ్లజోడు పెట్టుకోమన్నాడనీ చెబుతారు. చిహ్నంలో కళ్లజోడు ఉన్నది నిజం. చక్రవర్తికి ఈ ఊరితో ఇంకో చుట్టరికం కూడా ఉంది. పెళ్లి కాకుండా ఆయనకు పుట్టిన కూతురు, తర్వాత నెదర్లాండ్స్‌ను గవర్నర్‌గా పాలించిన పార్మా మార్గరెట్, 1522లో ఇక్కడే పుట్టింది.

టౌన్‌హాల్ లోపలి మ్యూజియంలో పాత గోడ తెరలున్నాయి, అంటే గోడలకు వేలాడదీయడానికి బొమ్మలతో నేసినవి. ఈ ఊరు వాటికి పేరు మోసింది. ఆకులూ అడవులే బొమ్మంతా, మధ్యలో ఎక్కడో ఒక కొంగ. నేత మీద మమకారం ఉన్నవాళ్లు దగ్గరికెళ్లి పడుగూ పేకా చూస్తూ గడిపేస్తారు. లేనివాళ్లకు పది నిమిషాల్లో విసుగొస్తుంది. మా అమ్మ మంగళగిరి చీర కొంగు తిప్పి చూసినట్టే చూసింది, ముట్టుకోనివ్వలేదని అలిగింది.

సాయంత్రం నాలుగు తర్వాత గుట్టలెక్కినవాళ్లంతా బురద కాళ్లతో చౌరస్తాకు దిగుతారు, కెఫేల ముందు సైకిళ్లు గుట్టలు పడతాయి. ఊరు ఊరులా ఉండేది అప్పుడే. పొద్దున పదింటికి వెళితే ఖాళీ పార్కింగ్ చూసి రావాలి.

ఇంకో రెండు, క్లుప్తంగా

లూవెన్‌లో ఉండేవాళ్లకు దీస్ట్ దగ్గర, రైల్లో అరగంట. బెగైన్ల పేట లీర్ కన్నా నిశ్శబ్దం. డచ్ స్వాతంత్ర్య పోరాట నాయకుడు ఆరెంజ్ విలియం పెద్దకొడుకు ఫిలిప్ విలియం సమాధి ఇక్కడి పెద్ద చర్చిలో ఉంది. లూవెన్‌లో చదువుకుంటుండగా 13 ఏళ్ల వయసులో స్పెయిన్ వాళ్లు ఎత్తుకుపోయిన పిల్లవాడు. లీర్ చూసినవాళ్లు రెండో విడతలో వెళ్లండి.

వ్యూర్నె, సముద్రం దగ్గర. జూలై ఆఖరి ఆదివారం అయితేనే. ముఖాలకు ముసుగు, భుజాన కొయ్య శిలువతో, చేసిన పాపాలకు ప్రాయశ్చిత్తంగా జనం వీధుల్లో మౌనంగా నడుస్తారు. మిగతా రోజుల్లో చక్కని చౌరస్తా, అంతే.

ఎవరు ఎటు

అమ్మానాన్నలతో ఒక్క ఆదివారం, రైల్లో: లీర్. ఆలోచించకండి. నాన్నగారు యుద్ధాలూ చరిత్రా అనేవారైతే ఈపర్, రాత్రి బసతో. అమ్మగారికి మోకాళ్ల నొప్పులుంటే ఈపర్‌లో కోటగోడ నడక వదిలేసి, మెనిన్ గేట్ దగ్గరికి టాక్సీ తీసుకోండి. కొత్తగా పెళ్లైన జంట, ఎండ, బ్రూజ్‌లో ఎలాగూ హోటల్ ఉంది: దమ్మె, పొద్దున్నే. సంకలో పిల్ల ఉన్నవాళ్లు: లీర్, శనివారం తప్ప. ఒంటరిగా తిరిగేవాళ్లు, కట్టడాల మీద ఇష్టం ఉన్నవాళ్లు: ఔదెనార్దె, గెంట్‌లో పొద్దు గడిపి మధ్యాహ్నం దిగండి.

లీరా, ఔదెనార్దెనా అని తేల్చుకోలేనివాళ్లు ఒక ప్రశ్న వేసుకోండి: మీ ఇంట్లో వాళ్లు ఒక గొప్ప కట్టడం ముందు అరగంట నిలబడతారా, లేక చిన్న చిన్నవి చూసుకుంటూ నడవడం ఇష్టపడతారా? మా ఇంట్లో రెండోది.

తిండి, రైలు పేర్లు

గొడ్డుమాంసం తినని ఇళ్లవాళ్లు ఒకటి గుర్తుంచుకోండి. ఇక్కడ చాలా ఫ్రైస్ బండ్లలో బంగాళాదుంపల్ని వేయించేది ఎద్దు కొవ్వులో. కౌంటర్‌లో "ప్లాంట్‌ఆర్దిగె ఓలీ?" అని అడగండి, అంటే మొక్కల నూనేనా అని. తెలియకుండా తిని తర్వాత బాధపడటం కన్నా అడగడం మేలు. చీజ్ క్రోకెట్లు దాదాపు ప్రతి కెఫేలో దొరుకుతాయి, అవి కూడా ఏ నూనెలో వేయిస్తారో అడగండి. సూప్ కూరగాయలదే అయినా మరిగించిన నీళ్లు మాంసానివి కావచ్చు. పులిహోర డబ్బా మోసుకెళ్లడం మంచిదే, లీర్‌లో నది గట్టున బెంచీలున్నాయి.

ఫ్లాండర్స్‌లోకి రైలు రాగానే ప్రకటనలు డచ్‌లోకి మారిపోతాయి. బ్రస్సెల్స్ స్టేషన్ బోర్డు మీద ఫ్రెంచ్ పేరూ కనిపిస్తుంది: లీర్ అక్కడ లియేర్, ఈపర్ ఈప్ర్, ఔదెనార్దె ఓదెనార్ద్, కోర్ట్రైక్ కూర్త్రే. ఈపర్ వెళ్లడానికి కోర్ట్రైక్‌లో దిగాలనుకున్న మా అత్తయ్య, బోర్డు మీద "కూర్త్రే" అని చూసి అది వేరే ఊరనుకుని ప్లాట్‌ఫామ్ మీదే ఉండిపోయింది. రైలు వెళ్లిపోయాక నాకు ఫోన్ చేసింది. టికెట్ మీద రెండు పేర్లూ రాసి ఇవ్వండి, తెలుగులో.